స్వరూప చేతికందే స్విచ్చు

ఛత్రినాక, హైదరాబాదు
8 జూన్ 2025

కొండల్ బావకు,

ఇయ్యాల సుత గంతే, ఏం మారలే. బస్సు డిపోల పొద్దటి షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి నీ చెల్లె చీకట్లనే పండుకోని ఉన్నది. పట్టపగలు చీకటేందంటవా? పక్కింటి ఎల్లప్ప మూడో అంతస్తు ఎక్కించినంక మా లోపలి అర్రకు ఎండ దూరపు చుట్టమైంది. ఎప్పుడన్న వస్తది, కూసోకముందే పోతది. లైటు బోర్డేమో తలుపు పక్కన, స్వరూప మంచమేమో ఎదురు గోడకు. నడుమ నాలుగడుగుల జాగ. నాకది నాలుగడుగులు. ఆమెకు తాండూరు దాంక దూరం.

"లైటు ఏసి పోత కదనే" అంటె వద్దంటది. పొద్దంత మీద వెలుతురు పడితే తల పగులుతదట. అది పైకి చెప్పే మాట. లోపలి మాట వేరే. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయినప్పటిసంది తాగిపిచ్చుడు, తినిపిచ్చుడు, తల దువ్వుడు, ఇంక రాయలేనివి సుత, అన్ని నేను, బిడ్డ స్వీటీ చేస్తున్నం. "లైటన్న నేనేసుకుంట" అన్నది మొన్న. మాట ముద్దముద్దగ వస్తది గని, మనిషి పట్టు ఎక్కడ పోలే.

మా బిడ్డ ఊకుంటదా? లాడ్ బజారుల తను పనిచేసే గాజుల షాపు పక్క దుకాణంలకెళ్లి ఏదో మాట్లాడే లైటు తెచ్చింది. పేరు పెట్టి పిలిచి, లైటు వెయ్యి అంటె వెలుగుతదట. స్వీటీ అన్నది, వెలిగింది. నేనన్న, వెలిగింది. గల్లీల కుక్క మొరిగితే సుత ఒకపారి వెలిగింది. స్వరూప అన్నది, వెలగలే. మల్ల అన్నది. మల్ల అన్నది. "క్షమించండి, నాకు అర్థం కాలేదు" అని అది మస్తు మర్యాదగ చెప్పింది. స్వరూప గోడ దిక్కు తిరిగి పండుకున్నది. ఆ డబ్బాను తెల్లారే వాపసిచ్చినం.

అందుకే నేనే ఒక దీపం చేస్తున్న. డిపోల తీసి పారేసిన హెడ్‌లైటు డొప్ప ఉన్నది, సీటు పట్టుకునే పైపు ఉన్నది. డొప్ప మీద, పైపు కింద, మంచం పక్కన నిలబెట్టుడే. స్విచ్చు సుత బస్సుదే, డ్రైవరు ముందట ఉండే పొడుగు పుల్లది. ఎడమచేతి ఎనక భాగం తాకిస్తే చాలు, పడుతది. కాకపోతె ఇది ఇంటి కరెంటు కద, ఇండ్లకు వైర్లు గుంజేటోనివి నువ్వు, అందుకే అడుగుతున్న. ఈ స్విచ్చు ఆగుతదా? ఏ వైరు మీద పెట్టాలె? మా బస్సులల్ల పోయేది ఒక్కటే వైరు, రెండో వైరు బస్సు ఇనుమే. ముప్పై ఏండ్లసంది నా చేతులకు గదే అలవాటు.

ఫోన్ల అడుగుదమంటె, మీ గల్లీల బండలు కోసే మిషన్ల సప్పుడు నీ చెవులు మింగింది. నేను స్విచ్చంటె నువ్వు "అందరు బాగున్నరు" అంటవు. అందుకే కాయితం. జల్ది రాయి.

నీ చెల్లె మొగడు,
డానియేలు


తాండూరు
14 జూన్

డానియేలు బావకు,

ఉత్తరం నిన్న అందింది. అది పెట్టకు.

మీ బస్సు కరెంటు బ్యాటరీది, ఇరవై నాలుగు ఓల్టులు. పట్టుకున్నా నవ్వుకుంట పోవచ్చు. ఇంటి కరెంటు రెండు వందల ముప్పై. మీ బస్సు రబ్బరు టైర్ల మీద నిలబడుతది. నీ దీపం పక్కన మనుషులు తడి బండల మీద నిలబడుతరు. పైపునే రెండో వైరు చేసినవనుకో, అది దీపం కాదు, ఇంట్ల పెట్టుకున్న పాము.

ఆ పొడుగు పుల్ల స్విచ్చు ఇంటి కరెంటుకు కాదు, దాని పుల్ల సుత ఇనుమే. అన్నిటికన్న ముందు ఇది ఇను. మా చెల్లె కుడిచెయ్యి ఆ పైపు మీద పడ్డదనుకో, ఆమెకు తెల్వది. తెలిసే చెయ్యి అయితే ఎనక్కి గుంజుకుంటది. ఆ చెయ్యి గుంజుకోదు.

ఇంకో మాట. ఆమెను పొద్దంత ఒక్కదాన్ని ఎట్ల ఇడిసిపెడుతున్నరు? ఈడ మా ఇంటామె అమల పొద్దంత ఇంట్లనే ఉంటది. ఆలోచన చెయ్యి.

కొండల్


ఛత్రినాక
17 జూన్

బావా,

నీ జవాబు ఇంక రాలే. అది వచ్చేదాంక ఆగాల్సిన పనే ఇది, నా చేతులు ఆగలే.

దీపం పోయిన మంగళారమే అయింది. ఒక వైరు స్విచ్చుకు, ఇంకోటి బస్సుల లెక్క పైపుకే బిగిచ్చిన. వెలిగినప్పుడు స్వరూప మొకం నువ్వు చూడాల్సుండె. ఎడమ చెయ్యి తాకించింది, వెలిగింది. తాకించింది, ఆరింది. నేను డిపోకు పోతుంటె కావాల్నని ఆర్పి నన్ను చీకట్ల చెప్పులు ఎతికిచ్చింది. మూడు నాలుగు దినాలు ఇంట్ల పండుగే.

ఐతారం పొద్దుగాల స్వీటీ చర్చికి తయారైతున్నది. ఫోన్ చార్జింగు కోసమని దీపం ప్లగ్గు పీకి, పనైనంక మల్ల పెట్టింది. అర్రల బండలు అప్పుడే తుడిసింది, నీళ్లు ఆరలే. అమ్మ గోర్లు తీద్దమని ఒట్టి కాళ్లతోటి నిలబడి అమ్మ కుడిచెయ్యి పట్టుకున్నది. స్వరూప ఎడమ పక్కకు ఒరిగి పండుకున్నది, ఆ చెయ్యి అప్పటికే పైపుకు ఆనుకోని ఉన్నది.

నేను ముందటి అర్రల అంగీ గుండీలు పెట్టుకుంటున్న. స్వీటీ అరిసింది. పోయి చూస్తె తల్లి చెయ్యి ఇడువరాక ఒంగిపోయి ఉన్నది. స్వరూప నోట్లకెళ్లి నేనెప్పుడు ఇనని సప్పుడొస్తున్నది. ఎట్ల పీకిన్నో ప్లగ్గు పీకిన. స్వీటీ గోడకు పోయి తగిలింది, గాజులన్ని పలిగినయి. గాజుల షాపు పిల్ల కద, ఇంటికి పలగనివే తెచ్చుకుంట అనేది.

దవాఖానల ఇద్దరి గుండెలు పరీక్ష చేసిండ్రు. పానానికి ఏం కాదన్నరు. స్వరూప కుడిచేతి వేళ్ల మీద బొబ్బలొచ్చినయి. మందు రాస్తుంటె ఆమె ఆ చెయ్యి దిక్కు చూసింది. ఎవలిదో చెయ్యి చూసినట్టు చూసింది.

నాకు అర్థంకానిది ఒకటే. అప్పుడు దీపం వెలుగుతలేదు బావా. స్విచ్చు బంద్ ఉన్నది. బంద్ ఉన్నదాంట్ల కరెంటేంది?

డానియేలు


తాండూరు
22 జూన్

డానియేలు బావకు,

వద్దని రాసిన. పైపు వద్దన్న, ఆ స్విచ్చు వద్దన్న, కుడిచెయ్యి సంగతి సుత రాసిన. జవాబు రాలే అని నువ్వు రాస్తె నేను నమ్మ, చదివి ఏం చేసినవు? నా చెల్లెను చంపుదమనుకున్నవా?

నువ్వడిగిన దానికి జవాబు చెప్త, ఇంకెవ్వలకన్న పనికొస్తది. నీ ప్లగ్గుకు రెండే పుల్లలు. ఎట్ల తిప్పి పెట్టినా సాకెట్టుల దిగుతది. నువ్వు మొదలు పెట్టినప్పుడు కరెంటు వచ్చే వైరు స్విచ్చు దిక్కు ఉండె, పైపు దిక్కు ఖాళీ వైరు ఉండె. అందుకే బతికిండ్రు. బిడ్డ పీకి ఉల్టా పెట్టింది. కరెంటు సీదా పైపులకు వచ్చింది. స్విచ్చు అవతలి దిక్కు కూసోని ఖాళీ వైరును కాపలా కాస్తున్నది. బల్బు ఆరింది గని పైపు ఆరలే. చెల్లె పరుపు మీద ఉన్నది కాబట్టి కరెంటుకు పోయే తొవ్వ లేకుండె. తడి బండల మీద నిలబడ్డ బిడ్డ ముట్టుకోంగనే ఇద్దరిలకెళ్లి తొవ్వ దొరికింది.

బిడ్డ తప్పేం లేదు. ప్లగ్గు ఎట్ల పెట్టినా పానం పోకుండ చేసుడే దీపం చేసేటోని పని.

వచ్చే నెల మొదటి ఐతారం బండి మాట్లాడుకోని వస్త. చెల్లెను తీస్కపోత. బట్టలు సదిరి పెట్టు.

కొండల్


ఛత్రినాక
28 జూన్

కొండల్ బావకు,

నీ మొదటి ఉత్తరం, అదే వద్దన్న ఉత్తరం, నేను స్వీటీ గాజుముక్కలు ఊడ్సినంక వచ్చింది. పోస్టాఫీసు ముద్ర చూసుకోవాల్నంటె కవరు దాచిన. చదివి చెయ్యలే బావా, చదవకుంట చేసిన. ఏది ఎక్కువ తప్పో నువ్వే చెప్పు, నాకు రెండు ఒకటే.

చంపుదమనుకున్నవా అని రాసినవు. ఆ మాట మీద నేను రెండు దినాలు డిపోల అన్నం తినలే. మా ఫోర్మెను రామ్‌చందర్ "ఏందిర, రంజాన్ అయిపోయింది కద" అని నవ్విండు. నవ్విన. ఏం చేస్త.

తీస్కపోతనన్నవు, తీస్కపో. నేను అడ్డం పడ. ఆమె బట్టలు సదిరిన, మందులు మూటకట్టిన. దీపాన్ని డిపోల తుక్కుల పడేసి వచ్చిన. ఇప్పుడు మేం పోయెటప్పుడు లైటు ఏసి పోతున్నం. ఆమె కొంగు మొకం మీద కప్పుకోని పండుకుంటున్నది. చీకటి కావాల్నంటె ఇప్పుడు ఆమెకు కొంగే స్విచ్చు.

అన్న వస్తుండు, తాండూరు పోతవు అని చెప్పిన. అమల వదిన మంచిగ చూసుకుంటది, ఎప్పుడు పక్కకు మనిషుంటది అన్న. నా దిక్కు చూసి ఒక్క మాట అడిగింది. రెండుసార్లు అడిగితే గని నాకు సుత అర్థంకాలే. నువ్వు చెవులతోటి ఇనలేవు కాబట్టి ఆమె మాట ఆమెదే రాస్తున్న:

"అన్న ఇంట్ల లైటు స్విచ్చు నా చేతికి అందుతదా, అడుగు."

దీనికి జవాబు రాసి, అప్పుడు బండి మాట్లాడుకో.

డానియేలు


తాండూరు
5 జూలై

బావా,

రేపు వస్తలేను, ఇది అందేసరికి నీకు ఎరుకే ఐతది.

నీ ఉత్తరం చదివి మా ఇంటి మంచం మీద పండుకున్న. కుడి చెయ్యి నడుము కింద పెట్టుకున్న. ఎడమ చెయ్యి చాపిన. అందలే. మంచం గోడకు జరిపిన, బోర్డు ఎత్తుల ఉన్నది, అందలే. అమల చూసి "ఏమైందయ్యా, నీకు సుత పడ్డదా" అని ఉరికొచ్చింది. ఆమెకు సమజ్ చేసేసరికి నా పానం పోయింది. చెవిటోనికి అడుగుడు సులువు, చెప్పుడు సులువు, ఇనుడే కష్టం.

నలభై ఏండ్లు ఇండ్లకు వైర్లు గుంజిన. పండుకున్నోళ్లకు అందుతదా అని ఒక్క ఇంట్ల సుత చూసుకోలే.

పోస్టాఫీసు ముద్ర సంగతి రాసినవు. కవరు పంపకు. నేనే తొందరపడి రాసిన. చంపుదమనుకున్నవా అన్న ఆ ఒక్క ముక్క చింపెయ్యి.

ఇగ స్విచ్చు సంగతి. మంచానికి ఏలాడేసే బెడ్ స్విచ్చు ఉంటది, అందరు గదే చెప్తరు. వద్దు. చేతులకెళ్లి జారి నీళ్ల గిలాసల పడుతది. తడిచేతితోటి పడుతది. ఆమె పరుపుల కరెంటు వైరు ఉండుడే వద్దు. కాలితోటి తొక్కేది ఉంటది, ఆమె పండుకునే ఉంటది, అది సుత వద్దు.

ఆమె దగ్గర స్విచ్చే ఉండొద్దు. తాడు ఉండాలె. తాడు గుంజితే పడే స్విచ్చు దొరుకుతది, ప్లాస్టికుది. దాన్ని గోడకు ఎత్తుల బిగిస్తరు, కరెంటంత ఆడనే. కింద ఒట్టి నూలు తాడు. ఒకసారి గుంజితే వెలుగు, ఇంకోసారి గుంజితే ఆర్పు. బల్బు సుత గోడకే, ప్లాస్టిక్ హోల్డరుల. వైరు గోడలకెళ్లి రావాలె, ప్లగ్గు లేదు, ఉల్టా పెట్టేది లేదు. స్విచ్చు కరెంటు వచ్చే వైరు మీదనే పెట్టి, టెస్టరుతోటి చూడాలె. మెయిను దగ్గర షాక్ కొట్టంగనే పడిపోయే ట్రిప్పరు పెట్టియ్యాలె. మీ ఇంట్ల ఇంక తెల్లపింగాణి ఫ్యూజే ఉన్నదని నాకెరుకే.

నువ్వు ముట్టుకోకు. చాంద్రాయణగుట్టల వైకుంఠం అని నా దోస్తు ఉన్నడు, లైసెన్సున్న మనిషి. కార్డు రాసిన, వస్తడు. తాడు ఒక్కటే నీ పని. మెత్తగ జారాలె, ఆమె ఒక్క వేలుతోటి గుంజేటట్టు ఉండాలె.

నీ బావ,
కొండల్


ఛత్రినాక
20 జూలై

కొండల్ బావకు,

బయట బోనాల డప్పులు, మైకులు. నువ్వు అదృష్టవంతునివి బావా, ఇయ్యాల ఛత్రినాకల చెవులున్నోళ్లంత నీ మీద అసూయ పడుతున్నరు.

వైకుంఠం వచ్చిండు. గుమ్మంల నిలబడంగనే "బస్సు దీపం చేసినోడు నువ్వేనా" అని అడిగిండు. అన్ని రాసినవన్న మాట. నన్ను టెస్టరు సుత పట్టుకోనియ్యలే. మెయిను మార్చిండు, ట్రిప్పరు పెట్టిండు, దాని బటన్ నొక్కి పడుతదా లేదా నాకు చూపెట్టిండు. స్విచ్చు గోడకు ఎత్తుల బిగించి "ఇగ నీ తాడు కట్టుకో" అని దిగిండు.

తాడు దగ్గరనే నా తెలివి పనికొచ్చింది. పాత బస్సులల్ల కండక్టరు గుంజే గంట తాడు యాదున్నదా? ఎనక డోరు కాడ గుంజితే డ్రైవరు నెత్తి మీద మోగేది. నడుమ రింగులల్లకెళ్లి జారుకుంట పోతది. ఆ రింగులు డిపోల ఎవ్వలు ముట్టని డబ్బాల ఉన్నయి, రామ్‌చందర్‌ను అడిగి తెచ్చిన. ఇనుపయి కద అని వైకుంఠానికి చూపెట్టిన, స్విచ్చుకు దూరంగ చెక్కకే బిగియ్యమన్నడు. స్విచ్చు కాడికెళ్లి గోడ పొంటి, మంచం మీదికెళ్లి, స్వరూప ఎడమచెయ్యి కాడికి నూలు తాడు గుంజిన. కొసకు చెక్కగుండు కట్టిన. వేలు తగిలిస్తే చాలు.

మొదటిపారి గుంజెటప్పుడు స్వీటీ అర్రలకెళ్లి బయటికి పోయింది. చూడలేనన్నది. నేను చెప్పులేసుకోని నిలబడ్డ. స్వరూప గుంజింది, టక్‌మన్నది. వెలిగింది. ఏం కాలే. మల్ల గుంజింది. ఆరింది. చీకట్ల ఆమె నవ్వు సప్పుడు ఇనబడ్డది. ఆ నవ్వు వంకరగనే వస్తది ఇప్పుడు, నాకైతే సీదాగనే ఇనబడ్డది.

ఇప్పుడు నేను అన్నం తింటుంటె రెండుసార్లు గుంజుతది, బండి పోనియ్యమన్నట్టు. రైట్ రైట్ అనుకుంట తొందరగ తింట. పక్కింటి లలితమ్మ చూడొస్తె ముచ్చట ఎక్కువైందనుకో, ఒక్కసారి గుంజి ఆర్పుతది. ఆమె పాపం లేసి పోతది.

పొద్దంత ఎప్పుడు వెలిగించుకుంటదో, ఎప్పుడు ఆర్పుకుంటదో మాకు తెల్వది. తెల్వకపోవుడే మంచిగున్నది బావా.

ఒకసారి వచ్చి చూడు. తీస్కపోవుడుకు కాదు.

నీ చెల్లె మొగడు,
డానియేలు


తాండూరు
2 ఆగస్టు

బావా,

చదివిన. అమలకు చదివి ఇనిపించిన, నా గొంతు ఎంత లేస్తదో నాకు తెల్వది కద, గల్లీ అంత ఇన్నదట.

ట్రిప్పరు బటన్ నెలకోసారి నొక్కి చూడు. తాడు అరుగుతది, జర చూసుకో. ఈ నెల ఆఖరుకు వస్త, చేతుల బట్టసంచే ఉంటది, బండి ఉండది. చెల్లెను నా మీద సుత లైటు ఆర్పుమను.

కొండల్


ఛత్రినాక
24 ఆగస్టు

కొండల్ బావకు,

ఆఖరు దాంక ఆగకు, ఈ ఉత్తరం అందంగనే బస్సెక్కు.

బేస్తారం స్వరూపకు పక్షవాతం మల్ల పడ్డది. ఈసారి ఎడమ పక్క. నేను డిపోకెళ్లి వచ్చేసరికి అర్రల లైటు వెలుగుతున్నది, చెక్కగుండు మంచం కిందికి ఏలాడుతున్నది. వెలిగించుకున్నంక పడ్డదో, ఆర్పుదమని గుంజబోతుంటె పడ్డదో, ఎవ్వలకు తెల్వది. దవాఖానల రెండు రాత్రులు పెట్టుకోని, ఇంటికి తీస్కపొమ్మన్నరు. వాళ్లు ఎట్ల అన్నరో నీకు రాయనక్కర లేదు.

మాట ఇప్పుడు అసలే లేదు. కండ్లున్నయి. మెడ జర తిరుగుతది, ఎడమకు. ఇంటికి తెచ్చి పండుకోబెట్టినంక మొట్టమొదలు తాడు దిక్కే తిరిగింది. చెక్కగుండు తెచ్చి చేతుల పెట్టిన. వేళ్లు ముడుసుకోలే. నేను ఆమె వేళ్లు పట్టుకోని గుంజబోయిన. కండ్లు మూసుకున్నది. వద్దన్నట్టు.

ఆమెకు చేతకాకపోతె నేను గుంజుత, అదేం పెద్ద పని కాదు. గని ఆమె ఎప్పుడు ఆర్పుమంటదో కండ్లల్ల చూసి అర్థం చేసుకోవాలె. రాత్రి నేను తప్పు అర్థం చేసుకున్న. ఆర్పిన, వద్దన్నట్టు చూసింది. వేసిన, మల్ల గట్లనే చూసింది. ఆఖరుకు ఆమె అడిగింది లైటు కాదు, దాహం.

ఒకటి ఆలోచన చేసిన, నువ్వు చెప్పు. మెడకు తాడు అనే మాటే వద్దు. చెంప పక్కన దిండు మీద ఒక పలసటి చెక్క పెడుత. దానికి తాడు కడుత, రింగులల్లకెళ్లి. ఆమె తల ఎడమకు వాలిస్తె చెక్క వంగాలె, తాడు గుంజుకోవాలె. కరెంటు ఎప్పటిలెక్క పైనే, గోడ మీదనే. స్విచ్చు బిర్రుగున్నది, తల బరువు చాలుతదో లేదో. స్ప్రింగు మెత్తగుండే తాడు స్విచ్చు ఏదన్న దొరుకుతదా తాండూరుల? దొరికితే సంచిల పెట్టుకోని రా. లేకుంటె నడుమ చక్రం కట్టి

ఉండు, స్వీటీ పిలుస్తున్నది. "నాయినా, అమ్మ ఆర్పుమంటున్నది. నేను గుంజబోతె కండ్లు మూసుకుంటున్నది, తలుపు దిక్కే చూస్తున్నది, నువ్వే రావాల్నట, జల్ది రా." వచ్చి రాస్త బావా, చక్రం సంగతి ఏందంటె, తల బరువు సగం తగ్గినా తాడు గుంజుకుంటది. ముందుగాల పోయి ఆర్పి వస్త.